యాభై వేల నుంచి మూడు వేలకు: కృత్రిమ కీలులోని ద్రవం చెప్పే చరిత్ర

మల్కాజ్‌గిరి, తార్నాక, లాలాగూడ, సీతాఫల్‌మండి ప్రాంతాలలో విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ. రైల్వేలోను, విశ్వవిద్యాలయంలోను, ప్రభుత్వ పరిశోధన సంస్థలలోను పనిచేసి ఇక్కడే స్థిరపడినవారు వీరు. ఒక తరం క్రితం ఈ వీధులలో మోకాలి కీలు మార్పిడి చేయించుకొన్న వ్యక్తి కనబడడమే అరుదు. ఇప్పుడు ప్రతి అపార్టుమెంటులోను ఒకరిద్దరైనా ఉంటున్నారు. అందుచేత ఈ మధ్య నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది: "కీలు మార్చి రెండేళ్ళయింది, మళ్ళీ నొప్పి మొదలయింది. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. అయినా సూది పెట్టి నీరు తీసి పరీక్ష చేయాలంటున్నారు. అది నిజంగా అవసరమా?"

అవసరమే. ఎందుకు అవసరమో ఒక్క మాటలో చెప్పవచ్చును గాని, ఆ ఒక్క మాట వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే మీరు ఆ పరీక్షకు భయపడరు, దానిని వాయిదా వేయరు. ఈ చరిత్రలో ప్రధాన పాత్ర ఒక సంఖ్యది. అది యాభై వేల దగ్గర మొదలై మూడు వేలకు దిగివచ్చింది. ఆ దిగివచ్చిన తీరు తెలియకపోవడం వల్ల లోపల వ్యాధి ఉండి కూడా "ఏమీ లేదు" అనిపించుకొని ఇంటికి వెళ్ళిన రోగులు ప్రపంచమంతటా ఉన్నారు.

కోడిగుడ్డు తెల్లసొన వంటి ద్రవం

కీళ్ళ మధ్య ఒక జిగురు పదార్థం ఉంటుందని మన ప్రాచీనులకు తెలుసు. బండి ఇరుసుకు కందెన పూస్తే చక్రం ఎలా సాఫీగా తిరుగుతుందో, శ్లేష్మం వల్ల సంధులు అలాగే సాఫీగా కదులుతాయని సుశ్రుత సంహిత చెబుతుంది. ఆయుర్వేదంలో దీనికి శ్లేషక కఫమని పేరు. పదహారవ శతాబ్దపు యూరపులో పారసెల్సస్ అనే వైద్యుడు శరీర ద్రవాలకు 'సైనోవియా' అనే మాట వాడాడు. అందులో కోడిగుడ్డును తెలిపే లాటిన్ పదం ఇమిడి ఉందని చెబుతారు. చూడడానికి తెల్లసొనలా ఉంటుంది గనుక, క్రమంగా ఆ పేరు కీలు ద్రవానికే నిలిచిపోయింది.

ఆరోగ్యవంతమైన మోకాలిలో ఈ ద్రవం ఒక చిన్న చెంచాకు మించదు. లేత పసుపు రంగులో, పారదర్శకంగా ఉంటుంది. ఒక ఘన మిల్లీమీటరు ద్రవంలో తెల్ల రక్తకణాలు రెండు వందలకు లోపే ఉంటాయి. కీలులో ఏ అలజడి పుట్టినా మొదట మారేది ఈ ద్రవమే. దాని రంగు, చిక్కదనం, అందులోని కణాల సంఖ్య, ఆ కణాల జాతి అన్నీ మారుతాయి. రక్తం శరీరమంతటి సంగతి చెబుతుంది. ఎక్స్‌రే ఎముకల ఆకారం చెబుతుంది. కీలు లోపల ఈ క్షణాన ఏమి జరుగుతోందో చెప్పగలిగినది ఈ ద్రవం ఒక్కటే.

సూక్ష్మదర్శిని నేర్పిన పాఠం

రోగి శరీరం నుంచి తీసిన పదార్థాన్ని సూక్ష్మదర్శిని కింద చూచి వ్యాధిని తేల్చడం ఈనాడు మనకు సహజంగా తోస్తుంది. ఈ పద్ధతి నిలదొక్కుకోవడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. 1679లో హాలెండుకు చెందిన లీవెన్‌హుక్ గౌటు రోగి కణుపు నుంచి వచ్చిన సున్నం వంటి పదార్థాన్ని తన కటకం కింద చూచి, అందులో సూదుల వంటి స్ఫటికాలున్నాయని గమనించాడు. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1884లో డెన్మార్కుకు చెందిన క్రిస్టియన్ గ్రామ్ బెర్లిన్‌లో పనిచేస్తూ సూక్ష్మజీవులకు రంగు వేసి గుర్తించే పద్ధతిని కనిపెట్టాడు. నేటికీ ప్రతి ప్రయోగశాలలో చేసే గ్రామ్ స్టెయిన్ ఆయన పేరిటిదే.

ఈ పాఠంలో మన ఊరికి కూడా భాగముంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ జీర్ణకోశాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, అందులో మలేరియా పరాన్నజీవిని చూచాడు. బేగంపేటలోని ఆ భవనం నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలో రాస్ పేరనే ఉన్నది. చెడు గాలి వల్ల జ్వరం వస్తుందన్న ఊహను పక్కకు నెట్టి, ఒక చిన్న నమూనాలో కంటికి కనబడిన ఆధారాన్ని నమ్మడమే ఆనాటి విజయం. కీలు ద్రవ పరీక్షకు కూడా మూలసూత్రం ఇదే. ఊహించవద్దు, తీసి చూడు.

కీలు ద్రవానికి శాస్త్రీయమైన పునాది 1953లో పడింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో మేరియన్ రోప్స్ అనే వైద్యురాలు, వాల్టర్ బావర్ అనే వైద్యుడు కలిసి వివిధ కీళ్ళ వ్యాధులలో ద్రవం ఎలా మారుతుందో వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించారు. 1961లో డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హాలండర్ ధ్రువీకృత కాంతి సహాయంతో గౌటు రోగుల కీలు ద్రవంలో యూరిక్ ఆమ్ల లవణపు స్ఫటికాలను గుర్తించారు. లీవెన్‌హుక్ చూచిన సూదులకు అలా పేరు దొరికింది.

నేను వైద్యవిద్య అభ్యసించిన డెబ్బైలలో ఈ జ్ఞానం పాఠ్యపుస్తకాలలోకి వచ్చేసింది. వాచిన మోకాలి నుంచి ద్రవం తీసి గాజు గొట్టంలో పోసి, దాని వెనుక వార్తాపత్రిక పెట్టేవాళ్ళం. అక్షరాలు చదవగలిగితే అరుగుదల వల్ల వచ్చిన వాపు. అక్షరాలు అలుక్కుపోతే కీళ్ళవాతం వంటి మంట. అసలే కనబడకపోతే చీము. ఆ తరువాత కణాలను లెక్కించేవాళ్ళం. అక్కడ మేము కంఠస్థం చేసిన సంఖ్య యాభై వేలు. ఘన మిల్లీమీటరుకు తెల్ల రక్తకణాలు యాభై వేలు దాటి, అందులో అధికభాగం న్యూట్రోఫిల్ కణాలయితే కీలులో సూక్ష్మజీవులు చేరాయని బలంగా అనుమానించాలి. సహజమైన కీలు విషయంలో ఆ సూత్రం నేటికీ చాలావరకు పనికివస్తుంది.

కీలు మారింది, శత్రువు తీరు కూడా మారింది

కృత్రిమ కీలు అమర్చాలన్న ఆలోచన పాతదే. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు క్షయ వల్ల పాడైన మోకాలిలో ఏనుగు దంతంతో చేసిన కీలును అమర్చాడు. మొదట అద్భుతమనిపించినా, క్రమంగా చీము పట్టి ఆ ప్రయత్నాలు విఫలమయ్యాయి. కృత్రిమ కీలు చరిత్రలో తొలి అధ్యాయమే సూక్ష్మజీవుల చేతిలో ఓడిపోయిన అధ్యాయం.

1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ గట్టి ప్లాస్టిక్ గిన్నె, ఉక్కు బంతి జోడించి నేటి తుంటి మార్పిడికి రూపమిచ్చాడు. మోకాలి మార్పిడి అరవైల చివర, డెబ్బైలలో రూపుదిద్దుకొన్నది. చార్న్‌లీ తొలినాళ్ళలో శస్త్రచికిత్స చేసిన ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి చీము పట్టింది. శస్త్రచికిత్స గదిలోని గాలిని వడపోయించి, వైద్యుల దుస్తులను మార్పించి, పదేళ్ళలో ఆ సంఖ్యను ఒక శాతం కంటె తక్కువకు దించాడు. ఈనాడు మంచి ఆసుపత్రులలో వందకు ఒకరిద్దరికి మాత్రమే ఈ కష్టం వస్తోంది. ఆ ఒకరిద్దరిని సకాలంలో గుర్తించడమే మన ఎదుటనున్న సమస్య.

మన నగరంలో పంజగుట్టలోని నిమ్స్ కూడా అరవైలలో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగానే జీవితం ప్రారంభించి, ఎనభైలలో వైద్యవిజ్ఞాన సంస్థగా ఎదిగింది. ఒకప్పుడు పెద్ద సంస్థలకే పరిమితమైన కీలు మార్పిడి ఇప్పుడు వీధి చివరి నర్సింగ్ హోమ్ వరకు వచ్చింది. ద్రవ పరీక్షను సక్రమంగా చదివే అలవాటు మాత్రం అంత వేగంగా వ్యాపించలేదు.

లోహం మీద పాచి

సహజమైన కీలులో సూక్ష్మజీవులు చేరితే పెద్ద గొడవ జరుగుతుంది. జ్వరం, ఎర్రదనం, భరించరాని నొప్పి, లక్షలాది తెల్ల కణాలు. కృత్రిమ కీలులో ఇదంతా జరగకపోవచ్చు. దీనికి కారణం వెతుకుతూ శాస్త్రజ్ఞులు రెండు ముఖ్యమైన సంగతులు తెలుసుకొన్నారు.

మొదటిది 1957 నాటిది. లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చర్మంలో స్టెఫిలోకాకస్ సూక్ష్మజీవులను ప్రవేశపెట్టి చూచారు. చీము పట్టడానికి మామూలుగా లక్షలాది సూక్ష్మజీవులు కావలసివచ్చాయి. అదే చోట ఒక పట్టు దారపు ముక్క ఉంటే కొన్ని వందలు చాలాయి. శరీరంలో పరాయి వస్తువు ఉన్నచోట అతి స్వల్పమైన సైన్యం కూడా కోట పట్టగలదని దీని అర్థం.

రెండవది బయోఫిల్మ్. నీటి సంపు గోడలకు, బావి మెట్లకు పట్టే పాచిని మీరు చూచే ఉంటారు. నీరు తోడిపోసినా అది పోదు, గోకితేగాని రాదు. సూక్ష్మజీవులు కూడా లోహం మీద, ప్లాస్టిక్ మీద చేరి తమ చుట్టూ అటువంటి జిగురుపొర అల్లుకొంటాయి. అమెరికాకు చెందిన ఆంథొనీ గ్రిస్టినా 1987లో దీనిని ఒక పరుగుపందెంగా వర్ణించాడు. లోహపు ఉపరితలాన్ని శరీర కణాలు ముందుగా ఆక్రమిస్తే కీలు నిలుస్తుంది. సూక్ష్మజీవులు ముందుగా చేరితే అవి పొర కప్పుకొని ఏళ్ళ తరబడి దాగి ఉంటాయి. యాంటీబయాటిక్ మందు ఆ పొరలోకి సరిగా చొరబడదు. లోపలి క్రిములు కూడా మందకొడిగా ఉండడం వల్ల దానికి సులభంగా లొంగవు.

ఈ పొరలో తరచుగా కాపురముండేది మన చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. ఒకప్పుడు కల్చర్ పరీక్షలో ఈ క్రిమి కనబడితే చర్మం నుంచి పొరపాటున వచ్చిందని భావించి ప్రయోగశాలలు పక్కన పెట్టేవి. కృత్రిమ కీలులో అదే అసలు దోషి కావచ్చునని తరువాత తేలింది. ఏది పొరపాటున వచ్చినది, ఏది దోషి అని తేల్చడానికే రెండు వేర్వేరు నమూనాలలో ఒకే క్రిమి పెరగాలన్న నియమం ఏర్పడింది.

సంఖ్య దిగివచ్చిన వైనం

పొరచాటున దాగిన క్రిములు కీలు ద్రవంలోకి కొద్దికొద్దిగానే విడుదలవుతాయి. శరీరపు ప్రతిస్పందన కూడా మందంగానే ఉంటుంది. కాబట్టి యాభై వేల కణాల కోసం ఎదురుచూస్తే కృత్రిమ కీలులోని వ్యాధి చాలామందిలో దొరకదు. ఇది వైద్యులకు మెల్లగా తెలిసివచ్చింది.

2004లో అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి ఆండ్రే ట్రాంపుజ్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మలుపు తిప్పింది. కీళ్ళవాతం వంటి వ్యాధులు లేనివారిలో, మార్చిన మోకాలి ద్రవంలో తెల్ల కణాలు 1,700 దాటినా, వాటిలో న్యూట్రోఫిల్స్ 65 శాతం మించినా సూక్ష్మజీవులున్నాయని అనుమానించాలని ఆ అధ్యయనం చూపింది. యాభై వేలెక్కడ, పదిహేడు వందలెక్కడ! పాత కొలబద్దతో చూస్తే పూర్తిగా నిర్దోషిగా కనబడే ద్రవం కొత్త కొలబద్ద ముందు దోషిగా నిలిచింది.

2011లో అమెరికాలోని నిపుణుల సంఘం ఒకటి కృత్రిమ కీలు వ్యాధికి తొలిసారిగా ఉమ్మడి నిర్వచనం రూపొందించింది. 2013లో ఫిలడెల్ఫియాలో 50కి పైగా దేశాల ప్రతినిధులు సమావేశమై సంఖ్యలను ఖరారు చేశారు. శస్త్రచికిత్స జరిగి ఆరువారాలు దాటిన కీలులో 3,000 కణాలు, 80 శాతం న్యూట్రోఫిల్స్ హద్దు అన్నారు. ఆరువారాల లోపు గాయం మానుతున్న దశలో కణాలు సహజంగానే ఎక్కువగా ఉంటాయి గనుక అప్పటి హద్దు 10,000 కణాలు, 90 శాతం అన్నారు. 2021లో యూరపు నిపుణులు మరికొంత ముందుకు వెళ్ళి 1,500 దాటితే వ్యాధి ఉండవచ్చునని, 3,000 దాటితే ఉన్నట్లేనని పేర్కొన్నారు.

అయితే ఏ సంఖ్యా ఒంటరిగా తీర్పు చెప్పదు. కీళ్ళవాతం, గౌటు, ఇటీవలి దెబ్బ, కొన్ని రకాల లోహపు తుంటి కీళ్ళు సూక్ష్మజీవులు లేకుండానే కణాలను పెంచుతాయి. అందుకే రక్తంలోని సి.ఆర్.పి., ఇ.ఎస్.ఆర్., ద్రవంలోని కణాలు, కల్చర్ అన్నీ కలిపి మార్కులు వేసే పద్ధతి 2018లో వచ్చింది.

రెండు నిమిషాల పరీక్ష, పద్నాలుగు రోజుల పరీక్ష

ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టం అతి చౌకైనది. మూత్రపరీక్షకు వాడే కాగితపు పట్టీ మీకు తెలుసు. తెల్ల కణాలలోని ఎస్టరేజ్ అనే ఎంజైము తగిలితే అందులో ఒక గడి ఊదారంగుకు మారుతుంది. 2011లో ఫిలడెల్ఫియాకు చెందిన జావాద్ పర్వీజీ బృందం అదే పట్టీ మీద కీలు ద్రవపు చుక్క వేసి చూచింది. రంగు బాగా ముదిరితే వ్యాధి ఉన్నట్లు నమ్మవచ్చునని తేలింది. రెండు నిమిషాలలో, కొద్ది రూపాయల ఖర్చుతో దొరికే ఆధారమిది. ద్రవంలో రక్తం కలిస్తే రంగు తెలియదు, అప్పుడు దానిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి రక్తకణాలను వేరుచేయాలి. న్యూట్రోఫిల్ కణాలు క్రిములను చంపడానికి విడుదలచేసే ఆల్ఫా డిఫెన్సిన్ అనే ప్రొటీనును కొలిచే పరీక్ష కూడా ఉన్నది. అది ఖరీదైనది, అన్నిచోట్లా దొరకదు.

అసలు క్రిమి ఏదో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పేది మాత్రం కల్చర్ పరీక్షే. పొరచాటు క్రిములు మెల్లగా పెరుగుతాయి కాబట్టి రెండు మూడు రోజులకే "ఏమీ పెరగలేదు" అని నివేదిక ఇస్తే సరిపోదు. పద్నాలుగు రోజులు ఉంచి చూడాలి. ద్రవాన్ని రక్తకల్చర్ సీసాలలో పోస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. మన దేశంలో క్షయను కూడా మరువరాదు. మామూలు కల్చర్‌లో ఏదీ పెరగక అనుమానం మిగిలితే క్షయకు, ఫంగస్‌కు వేరుగా పరీక్ష కోరాలి. క్రిముల జన్యుపదార్థాన్ని గుర్తించే పి.సి.ఆర్. వంటి పద్ధతులు కూడా ఇప్పుడు తోడయ్యాయి. కరోనా కాలంలో తార్నాక పక్కనే ఉన్న సి.సి.ఎం.బి. పేరుతో పాటు ఆ మాట మన ఇళ్ళలోకి వచ్చింది గనుక మీకది కొత్త కాదు.

ముందు నీరు, తరువాత మందు

ఈ పరీక్షలన్నిటినీ ఒక్కసారిగా వమ్ము చేసే పని ఒకటున్నది. అది పరీక్షకు ముందే యాంటీబయాటిక్ మాత్రలు మింగడం.

యాంటీబయాటిక్‌ల పట్ల నాకు వ్యతిరేకత లేదు. భీమవరంలో జన్మించిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన కాలంలోనే, 1948లో, టెట్రాసైక్లిన్ జాతికి ఆద్యమైన ఆరియోమైసిన్ లోకానికి అందింది. ఆ జాతి మందులు నేటికీ కొందరు కృత్రిమ కీలు రోగులకు అండగా ఉన్నాయి. అంతటి అమూల్యమైన ఆయుధాన్ని గురి చూడకుండా ప్రయోగించడమే తప్పు. మోకాలు కొంచెం వాచగానే మందుల దుకాణంలో అడిగి అయిదు రోజుల మాత్రలు వేసుకొంటే పైకి తేలిన క్రిములు చస్తాయి, పొరలోనివి మిగులుతాయి. వాపు తగ్గినట్లుంటుంది. తరువాత కల్చర్ చేస్తే ఏదీ పెరగదు. శత్రువు లోపలే ఉంటాడు, అతని పేరు మాత్రం మనకు తెలియదు.

కాలం ఇక్కడ చాలా విలువైనది. లక్షణాలు మొదలయిన తొలి వారాలలో గుర్తిస్తే, శుభ్రపరిచి, ప్లాస్టిక్ భాగం మాత్రం మార్చి, అమర్చిన కీలును నిలుపుకొనే అవకాశముంది. పాచి గట్టిపడిన తరువాత సాధారణంగా కీలునే తీసివేయాలి. కొందరిలో వెంటనే కొత్తది అమరుస్తారు. ఎక్కువమందిలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మె పెట్టి, వారాల తరబడి చికిత్స చేసి, రెండవ శస్త్రచికిత్సలో కొత్త కీలు అమరుస్తారు. ఆ నెలల కష్టం, ఆ ఖర్చు ఒక కుటుంబాన్ని ఎంత కుంగదీస్తాయో చూచినవాడిగా ఈ మాటలు రాస్తున్నాను.

కనుక కృత్రిమ కీలు ఉన్న పాఠకులు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

తగ్గిన నొప్పి మళ్ళీ మొదలయినా, కీలు వేడిగా వాచినా, కుట్టు దగ్గర చెమ్మ ఊరినా శస్త్రచికిత్స చేసిన వైద్యుని వెంటనే కలవండి. విశ్రాంతిలో కూడా, రాత్రివేళ కూడా ఉండే నొప్పిని అశ్రద్ధ చేయకండి.

చలిజ్వరం, మగత, రక్తపోటు పడిపోవడం వంటివి తోడయితే ఒక్క పూట కూడా ఆగరాదు, ఆసుపత్రిలో చేరాలి. అక్కడ ద్రవం, రక్తం నమూనాలు తీసి ఆ వెంటనే మందు మొదలుపెడతారు.

అటువంటి ప్రమాదం లేనప్పుడు ద్రవం తీయకముందు యాంటీబయాటిక్ వాడకండి. ఇప్పటికే వాడి ఉంటే దాచకుండా చెప్పండి. వీలయితే రెండు వారాలు మందు ఆపి ద్రవం తీయాలా అన్నది వైద్యుడు నిర్ణయిస్తారు. సొంతంగా ఆపవద్దు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా చెప్పండి.

కృత్రిమ కీలులో సూది పెట్టే పని శస్త్రచికిత్స గదిలో పాటించే శుభ్రతతో జరగాలి. తుంటికయితే అల్ట్రాసౌండ్ గాని ఎక్స్‌రే గాని తోడుండాలి. చిన్న క్లినిక్‌లో నొప్పి తగ్గించే సూదిమందును మార్చిన కీలులోకి ఎక్కించుకోకండి.

నివేదిక చేతికి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. తెల్ల కణాలు ఎన్ని? న్యూట్రోఫిల్స్ ఎంత శాతం? కల్చర్ ఎన్ని రోజులు ఉంచారు? ఈ ద్రవం కృత్రిమ కీలు నుంచి తీసినదని ప్రయోగశాలకు తెలుసా? ఈ నాలుగవది అన్నిటికంటె ముఖ్యం. ప్రయోగశాలలు నివేదిక మీద ముద్రించే హద్దులు సాధారణంగా సహజమైన కీలుకు చెందినవి. నాలుగు వేల కణాలున్న ద్రవం ఆ హద్దుల ప్రకారం స్వల్పమైన మంటగా కనబడుతుంది. మార్చిన కీలులో అదే సంఖ్య ప్రమాదసూచిక.

సూది పెట్టడం కొద్ది నిమిషాల పని. తీసేది కొద్ది మిల్లీలీటర్లు. సంఖ్యను యాభై వేల నుంచి మూడు వేలకు దించడానికి వైద్యలోకానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆ శ్రమ ఫలం మీకు అందాలంటే మీరు చేయవలసినది ఒక్కటే. మాత్రల కోసం మందుల దుకాణానికి వెళ్ళేముందు ద్రవ పరీక్షకు వెళ్ళండి.